వినే రేడియో, మాట్లాడే రేడియో

రామన్నపేటలో ఒక సాయంత్రం నా ఫోన్లో ఒక కమ్యూనిటీ రేడియో ప్రత్యక్ష ప్రసారం పెట్టి మా యాడి ముందు ఉంచాను. ఎవరో ఆడమనిషి విత్తనాలకు బూడిద కలిపి దాచే పద్ధతి చెబుతోంది. యాడి తల ఊపుతూ విన్నది. కాసేపటికి ఫోన్ దగ్గరికి జరిగి, వేపాకు సంగతి మరిచిపోయావు బిడ్డా అని మా గోర్ బోలిలో చెప్పింది. తర్వాత నన్ను అడిగింది: "నేను చెప్పేది ఆమెకు వినబడుతదా?" వినబడదన్నాను. ఆమె లేచి వెళ్ళిపోయింది.

ఆ ప్రశ్న కమ్యూనిటీ రేడియోకు సరైన పరీక్ష అని నాకు అనిపిస్తుంది. ఎంతమంది వింటున్నారన్నది ఏ రేడియోకైనా ఉండే లెక్కే. దగ్గరి ఊళ్ళ వాళ్ళలో ఎంతమంది మాట్లాడుతున్నారన్నదే కమ్యూనిటీ రేడియో లెక్క.

ఈ లెక్కలో మనకు దగ్గరి పాఠం జహీరాబాద్ ప్రాంతంలోని సంఘం రేడియో. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వాళ్ళు, ఎక్కువగా దళిత రైతు మహిళలు, మాచనూరులో నడిపిన రేడియో అది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ లాంటి వాళ్ళు మైకు పట్టారు. కొర్ర, సామ, పచ్చజొన్న పంటల ముచ్చట్లు తమ యాసలోనే చెప్పారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. కానీ స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే అనుమతి 2006 దాకా రాలేదు. సంఘం రేడియో గాలిలోకి వచ్చింది 2008 అక్టోబర్‌లో.

అయితే వాళ్ళు లైసెన్సు కోసం చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1998 నుంచే రికార్డు చేశారు. ఆ టేపులను సంఘాల్లో వినిపించారు. పదేళ్ళు అట్లా నడిచాకే గాలిలోకి వచ్చారు. మనం చూడవలసింది ఈ పదేళ్ళనే.

నెట్‌లో ప్రసారం వల్ల మేలు లేదని నేను అనను. కమ్యూనిటీ రేడియో గొంతు మామూలుగా పది పదిహేను కిలోమీటర్లు దాటదు. నెట్ ఆ హద్దు చెరిపేసింది. పనికోసం హైదరాబాద్‌కో ముంబైకో పోయిన మనిషి తన ఊరి గొంతు వినవచ్చు. కానీ డేటా అయిపోతే గొంతు ఆగిపోతుంది. మంచి ఫోన్ ఇంట్లో కొడుకు చేతిలో ఉంటుంది, ముసలమ్మ చేతిలో ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, వినేది మన భాష కాదు. ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండి వినిపించింది. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వరలో గోండులు మామూలు ఫోన్ నుంచే తమ కష్టం చెప్పుకున్నారు. నారాయణపురం, దేవరకొండ తండాల గోర్ బోలికి, అమ్రాబాద్ చెంచు పెంటల మాటకు అలాంటి చోటు ఏది?

మన గోర్ బోలికి సొంత లిపి లేదు. తెలుగు లిపిలో రాసుకుంటే సగం పలుకులు తప్పిపోతాయి. గొంతుకు ఆ ఇబ్బంది లేదు. మా యాడి లాంటి వాళ్ళు పుస్తకం రాయలేరు, రేడియోలో మాత్రం గంటసేపు చెప్పగలరు.

లైసెన్సు అడగాలంటే కనీసం మూడేళ్ళు పనిచేసిన, లాభాపేక్ష లేని సంస్థ ఉండాలి. వచ్చినా సొంత వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలే తిరిగి వినిపించాలి. మన తండాలో ఏం జరిగిందో మన రేడియో వార్తగా చెప్పలేకపోవడం అన్యాయమే. దాన్ని అడగాలి. అడుగుతూనే పని మొదలుపెట్టాలి. యువకులు వారానికి ఒక ముసలమ్మను, ఒక ముసలాయనను ఫోన్లో రికార్డు చేయాలి. తీజ్ నాడు, సేవాలాల్ జయంతి నాడు తండా మధ్యలో స్పీకరు పెట్టి వినిపించాలి. టీచర్లు బడిలో వినిపించాలి.

నేను మా యాడితోనే మొదలుపెట్టాను. వేపాకు సంగతి ఆరు నిమిషాలు చెప్పింది. తరగతిలో వినిపించాను. ఏడాదంతా నోరు విప్పని తండా పిల్లవాడు లేచి, మిగతా పిల్లలకు దాని అర్థం తెలుగులో చెప్పాడు. మధ్యలో రెండుసార్లు నన్ను సరిదిద్దాడు కూడా.