కబురు అందేదాకా

కడుపు నిండిన సంగతి మనకు ఆలస్యంగా తెలుస్తుంది. యాంగోన్‌లోని తామ్వే టీ కొట్లలో పొద్దుటి పూట మొహింగా తినేటప్పుడు ఇది మరీ బోధపడుతుంది. బియ్యపు సేమ్యా మీద వేడి చేపల చారు, అందులో అరటి దూట, పైన కోడిగుడ్డు, సొరకాయ బజ్జీ. గబగబా జుర్రేశాక రెండో గిన్నె చెప్పాలనిపిస్తుంది. లోపల మాత్రం మొదటి గిన్నె పనే ఇంకా మొదలవుతుంటుంది.

చేప, గుడ్డు చేరగానే జీర్ణాశయం గ్యాస్ట్రిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది, ఆమ్లం ఊరుతుంది. ఆ పుల్లటి ముద్ద చిన్నపేగులోకి దిగితే సెక్రెటిన్ బయల్దేరుతుంది. దాని మాట మీద క్లోమం బైకార్బొనేట్ పంపి పులుపు విరుస్తుంది, లేకుంటే పేగు పుండుపడుతుంది. బజ్జీ నూనె తగిలితే కోలిసిస్టోకైనిన్ వంతు. అది పిత్తాశయాన్ని పిండిస్తుంది, క్లోమం చేత ఎంజైములు పోయిస్తుంది, జీర్ణాశయాన్ని నెమ్మదించమంటుంది, మెదడుకు ‘ఇక చాలు’ అని చెబుతుంది.

ఇదంతా నరాల పనేనని రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ బృందం నమ్మిన రోజుల్లో, 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు ఒక కుక్క పేగు ముక్కకు నరాలు తెంచి ఆమ్లం పోశారు. అయినా క్లోమం స్రవించింది. కబురు రక్తంలో వెళ్ళిందన్నమాట. నరం మీది కబురు క్షణంలో చేరుతుంది, రక్తంలోది నిదానం. తృప్తి తెలియడానికి పావుగంటో, ఇరవై నిమిషాలో పడుతుంది.

అందుకే రెండో గిన్నె చెప్పేముందు బల్ల మీది ఫ్లాస్కు అందుకుంటాను. పాలూ పంచదారా లేని టీ ఇక్కడ ఊరికే ఇస్తారు. ఒక కప్పు తాగేసరికి ఇంకా ఆకలుంటే తింటాను. ఆకలి చంపుకోవడానికి కాదు, అది నిజమో కాదో తేల్చుకోవడానికి.

మన పంక్తి భోజనంలో ఈ వ్యవధి వడ్డనలోనే ఉండేది. పప్పూ నెయ్యీ అయ్యాక పులుసు గరిటె మన విస్తరిదాకా రావాలిగా! పెద్దలకు హార్మోన్లు తెలుసని అనను, కానీ ఆగక తప్పేది కాదు. బఫేలో ఆ ఆగడం పోయింది.

పేగు స్రవించే జీఎల్‌పీ-1 కూడా తృప్తి కబురే, రక్తంలో రెండు నిమిషాల్లో సగం కరిగిపోతుంది. దాన్నే అనుకరించి, వారమంతా నిలిచేలా చేసిన సూది సెమాగ్లూటైడ్. అవసరమైనవాళ్ళకు డాక్టర్లు రాస్తారు. మిగతావాళ్ళం పేగు ఊరికే పంపే కబురును విన్నాకే చెయ్యి చాస్తే సరి.