తారు రోడ్డు చివర

శనివారం మిషిగన్‌లోని కాంటన్‌లో ఇండియన్ కొట్టుకు వెళ్లి, సంక్రాంతికి బెల్లం, నువ్వులు కొనుక్కుని బయటికొచ్చేసరికి ఒక కుర్రాడు నా ఎర్ర మియాటా స్పోర్ట్స్ కారు చుట్టూ తిరిగి చూస్తున్నాడు. "అంకుల్, ఇంత మంచులో దీన్ని బయటికి తీశారా? దీనికి ఆల్ వీల్ డ్రైవ్ కూడా లేదుగా. ఏప్రిల్ దాకా గరాజ్‌లో పెట్టెయ్యండి" అన్నాడు. మంచి కుర్రాడే, మర్యాదగానే అన్నాడు. అయినా ఇంటికొచ్చేదాకా ఆ మాట పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

అతని పెద్ద ఎస్‌యూవీ నా కారు పక్కనే ఉంది. ఉండబట్టలేక వంగి దాని టైర్లు చూశాను. ఆల్ సీజన్ టైర్లు, అవీ అరిగినవి. జేబులోంచి క్వార్టర్ తీసి, వాషింగ్టన్ తలకిందులుగా ఉండేలా గాడిలో పెట్టి చూపించాను. నెత్తి మొత్తం బయటికే ఉంది. అంటే గాడి లోతు అంగుళంలో ఎనిమిదో వంతు కూడా లేదు. "నాయనా, ముందు దీని టైర్లు మార్పించు" అన్నాను. తలూపాడు గానీ నమ్మినట్టు లేదు.

ఈ శీర్షికను మొదటినుంచీ చదువుతున్నవాళ్లకు నేనిప్పుడేం అంటానో తెలుసు. టైరు ముందు, కారు తర్వాత. పదిహేనేళ్లుగా చలికాలం వస్తే ఇదే రాస్తున్నాను, ఇంకా రాస్తాను. స్పోర్ట్స్ కార్లకు కంపెనీ వేసిచ్చే వేసవి టైర్ల రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ దిగువకు వచ్చేసరికే బిగుసుకోవడం మొదలుపెడుతుంది. సున్నా దాటి కిందికి పోతే అది రబ్బరులా ఉండదు, గట్టి ప్లాస్టిక్‌లా ఉంటుంది. ఆ టైర్లతో మంచులోకి వెళ్లేవాళ్ల విషయంలో ఆ కుర్రాడి మాట నూటికి నూరుపాళ్లు నిజం. స్నో టైరు రబ్బరు గడ్డకట్టే చలిలోనూ మెత్తగానే ఉంటుంది. దాని దిమ్మెల మీద బ్లేడుతో గీసినట్టు సన్నటి చీలికలు వందల కొద్దీ ఉంటాయి. పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు ఉన్న గుర్తు. వేసవిలో నా కారుకు 195 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, నవంబరు రాగానే 185వి. సన్నటి టైరు మంచును కోసుకుంటూ దిగుతుంది, వెడల్పాటిది మంచు మీద తేలుతుంది.

గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే పొడి తారు మీద పన్నెండు, పదమూడు మీటర్లలో ఆగే కారు, అణిగిన మంచు మీద సుమారు నలభై మీటర్లు పోతుంది. నున్నటి మంచుగడ్డ మీద దాదాపు వంద. ఆల్ వీల్ డ్రైవ్ కదలడానికి గొప్పగా పనికొస్తుంది, కాదనను. కానీ ఆగాల్సి వచ్చినప్పుడు ఏ కారుకైనా ఉన్నవి ఆ నాలుగు టైర్లే.

1983 మాంటెకార్లో ర్యాలీ గురించి ఇక్కడ చాలాసార్లు రాశాను. నాలుగు చక్రాలూ తోసే ఆడి క్వాట్రోలను వెనక్కి నెట్టి, నా మియాటాలాగే వెనక చక్రాలే తోసే లాన్సియా 037లు మొదటి రెండు స్థానాలూ పట్టుకుపోయాయి. మొదటివాడు వాల్టర్ రోర్ల్, రెండోవాడు మార్కు అలెన్. అంతకుముందు 1968 నుంచి వరసగా మూడేళ్లు ఆ ర్యాలీ గెలిచింది పోర్షె 911. దాని ఇంజను వెనక ఇరుసుకు ఇంకా వెనక ఉంటుంది గనక, తోసే చక్రాల మీదే ఎక్కువ బరువు పడుతుంది. అయితే రోర్ల్ మరుసటేడు ఆడికి మారి, ఆ కారులోనూ గెలిచాడు. ఆ ముక్క కూడా చెప్పకపోతే న్యాయం కాదు. మన మిషిగన్‌లోనే, ఉత్తరాన అట్లాంటా అనే చిన్న ఊరి చుట్టూ అడవి బాటల్లో స్నోడ్రిఫ్ట్ ర్యాలీ జరుగుతుంది. మేకులున్న టైర్లు వేయనివ్వరు. అక్కడ వెనక చక్రాల పాత కార్లు మలుపు మలుపునా అడ్డంగా తిరుగుతూ, ఆగకుండా వెళ్లడం కళ్లారా చూశాను.

గరాజ్‌లో దాచుకోమనేవాళ్ల మాటల్లో నేను ఒప్పుకునేది ఉప్పు సంగతి ఒక్కటే. డెట్రాయిట్ నగరం అడుగున 350 మీటర్ల లోతులో ఉప్పు గని ఉంది. అందులోంచి తీసిన ఉప్పే రోడ్ల మీదికి వస్తుంది, రోడ్ల మీంచి కారు అడుగుకు చేరి ఇనుమును తింటుంది. వారానికోసారి కింది నుంచి నీళ్లు కొట్టి కడగాలి. కడుగుతున్నాను.

మొన్న ఆదివారం పొద్దున ఆరు గంటలకు, రాత్రి పడ్డ మంచు మీద ఇంకా ఎవరి జాడా పడకముందే మియాటా తీశాను. మూడంగుళాల మంచు. అంతకు మరీ ఎక్కువైతే తీయను. దాని పొట్ట కింద అయిదంగుళాల ఖాళీ కూడా లేదు, మంచు మీద పొట్ట ఆనిందంటే చక్రాలకు పని ఉండదు. చలి మైనస్ 12. అంత చలిలో టైరు కింద మంచు కరకరలాడుతుంది, ఆ చప్పుడు వింటే నాకు ధైర్యం. రెండో గేరులో క్లచ్ మెల్లగా వదిలాను. మా వీధి దాటాక ఉన్న ఖాళీ పార్కింగ్ స్థలంలో, ఏటా చేసినట్టే, పావుగంట సాధన చేశాను. మలుపులో యాక్సిలరేటర్ కొంచెం ఎక్కువైతే వెనక భాగం పక్కకు జారుతుంది. ఆ సంగతి కళ్లకంటే ముందు నడుముకు తెలుస్తుంది. అప్పుడు కాలు ఒక్కసారిగా తీసేస్తే బరువంతా ముందుకు దూకి వెనక ఇంకా తేలికైపోతుంది, కారు గిర్రున తిరుగుతుంది. కాలు కొద్దిగానే తగ్గించి, జారుతున్న వైపుకే స్టీరింగు అంత మేరకు తిప్పి, వెళ్లాల్సిన చోటు వైపు చూస్తూ ఉండాలి. తేలికపాటి కారు గనక అన్నీ ముందే చెబుతుంది. మనం వినాలి.

ఈ వినడం నాకు మిషిగన్ రాకముందే వచ్చు. ఉప్పెన వచ్చిన మరుసటేడు, 1978లో, దివిసీమలో కాలవ గట్టు మీద మా పెదనాన్న నేర్పాడు. ఆయనకు రైసు మిల్లుండేది, స్టీరింగు పక్కన గేరు రాడ్డు ఉన్న అంబాసిడరుండేది. అవనిగడ్డ దాటి కొంత దూరం వెళ్లాక తారు రోడ్డు అయిపోయేది. అక్కడినుంచి మా ఊరికి రెండు మైళ్ల గట్టు. ఒకవైపు కాలవ, ఇంకోవైపు వరిచేను, కారుకు అటూ ఇటూ మూరెడేసి చోటు. వానాకాలం ఆ నల్లమట్టి వెన్నలా జారేది.

బయల్దేరే ముందు పెదనాన్న డిక్కీలో రెండు ధాన్యం బస్తాలు వేయించేవాడు. అంబాసిడర్‌నూ వెనక చక్రాలే తోసేవి, వాటి మీద బరువు లేకపోతే బురదలో ఊరికే తిరుగుతాయి. ఇరవయ్యేళ్ల తర్వాత మిషిగన్ వచ్చిన మొదటి చలికాలంలో, పికప్ ట్రక్కుల్లో వెనక ఇసక బస్తాలు పేర్చుకుంటున్నవాళ్లను చూసి నేను చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

"స్టీరింగుతో కుస్తీ పట్టమాక రా అబ్బాయ్. అది పోతానన్న పక్కకి కాస్త పోనిచ్చి, ఆపైన నీ దారికి తెచ్చుకో" అనేవాడు. "కాలవ వంక చూడమాక. చూసిన చోటికే పోద్ది." నా చేతిలోంచి స్టీరింగు ఎప్పుడూ లాక్కోలేదు, అరవలేదు. కారు కాలవ వైపు జరుగుతుంటే కూడా అదే గొంతు. మధ్య మధ్య దిగి, తుమ్మకొమ్మ విరిచి టైరు గాళ్లలో ఎక్కిన మట్టి గీకేవాళ్లం. ఆ జిగటమట్టి గాళ్లలో నిండిందంటే టైరు గుండయినట్టే. స్నో టైరు సంగతి దీనికి తలకిందులు. గాళ్లలో, చీలికల్లో ఎక్కిన మంచే కింది మంచును పట్టుకుంటుంది. పిల్లలు ముద్ద చేస్తుంటే మంచుకు మంచు అతుక్కున్నట్టు.

ఇక్కడిదాకా మంగళవారం రాశాను. ఆ కుర్రాడికి జవాబు చెప్పేశాననే అనుకున్నాను. బుధవారం సంక్రాంతి. సాయంత్రం నోవైలో మిత్రుల ఇంట్లో భోజనం. మూడింటికి సన్నగా వాన మొదలైంది. చలి సున్నాకు ఒక్క డిగ్రీ కింద. పడ్డ చుక్క పడ్డట్టే నేలను తాకి గడ్డకడుతోంది. తాళాలు చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. డ్రైవ్‌వే నల్లగా, తడిగా, మామూలుగానే ఉంది. ఒక కాలు గుమ్మం మీదే ఉంచి రెండో కాలి బూటు ముందుకు పెట్టి నొక్కాను. బూటు దానంతటదే ముందుకు పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది, నేను ఇన్నేళ్లలో ఇక్కడ ఎన్నడూ రాయని ముక్క. పెదనాన్న ఆ గట్టు మీద కారు నడపని రోజులు చాలా ఉన్నాయి. తారు రోడ్డు చివర కారు ఆపేవాడు. దిగి, చెప్పులు విడిచి, గట్టు అంచున మట్టిని కాలి బొటనవేలితో నొక్కి చూసేవాడు. వేలు ఎంత దిగిందో చూసుకుని, ఒక్కో రోజు వెనక్కి వచ్చి తాళాలు టీకొట్టు అతనికిచ్చేవాడు. పంచె ఎగ్గట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు. ఆయన వెనకే నేను. "నిన్న పోయాంగా పెదనాన్నా" అని ఒకసారి అడిగాను. "ఇది నిన్నటి మట్టి కాదురా" అన్నాడు.

మైనస్ 12లో కరకరలాడే మంచు వేరు, మైనస్ 1లో పైన నీటి పొర ఉన్న ఈ గడ్డ వేరు. మేకుల్లేని టైరు ఎంత మెత్తటిదైనా దీని మీద పట్టుకోవడానికేమీ ఉండదు. నా నడుముకు, చేతులకు తెలిసిన విద్య కూడా చక్రం కింద ఎంతో కొంత పట్టు ఉన్నప్పుడే పనికొస్తుంది. పదిహేనేళ్లు ఈ శీర్షికలో ఎలా వెళ్లాలో రాశాను. ఏ రోజు వెళ్లకూడదో రాయలేదు. ఆ కుర్రాడు ఏప్రిల్ దాకా అన్నాడు, అది తప్పే. కానీ "బయటికి తీయకండి" అన్న ఆ మాటను నేను అంత తేలిగ్గా కొట్టిపారేయాల్సింది కాదు. బుధవారం సాయంత్రానికి అతని మాటే సరైంది.

నోవైకి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. రాత్రి పదకొండుకు ఉప్పు లారీ మా వీధిలో తిరిగిన చప్పుడు వినిపించింది. పొద్దున లేచి చూస్తే నడి రోడ్డు మీద తారు మళ్లీ తేలింది. గుమ్మంలోంచి బూటు పెట్టి నొక్కి చూశాను. జారలేదు. పదింటికి మియాటా తీసి, మా వాటాకు దాచిన అరిసెలు తెచ్చుకోవడానికి వెళ్లాను.