జల్లెడ అన్న మాట చాలునా?

మూత్రపిండము రక్తమును వడగట్టు జల్లెడ యని మన పాఠ్యపుస్తకములు చెప్పుచున్నవి. జనరంజక వ్యాసములును ఆ మాటనే పలుకుచున్నవి. నేనును కొన్నియేండ్లు తరగతిలో అట్లే చెప్పితిని. ఒకనాడు ఒక విద్యార్థి లేచి, "జల్లెడలో చిన్నవి దిగును, పెద్దవి నిలుచును. ఉప్పులోని కణములు యూరియా అణువుకంటె చిన్నవి గదండీ, అవి రక్తములో ఎట్లు మిగులుచున్నవి?" అని అడిగెను. ఈ ప్రశ్నకు జల్లెడ సమాధానము చెప్పజాలదు.

నిజమునకు వడగట్టుట మొదటి మెట్టు మాత్రమే. ఒక్కొక్క మూత్రపిండములో సుమారు 10 లక్షల సూక్ష్మనాళికలు కలవు. వీనినే నెఫ్రానులందురు. ప్రతి నెఫ్రాను మొదట ఒక రక్తకేశనాళికల గుచ్ఛము ఉండును. ఈ గుచ్ఛములన్నిటినుండి రోజునకు సుమారు 180 లీటర్ల ద్రవము దిగును. రక్తకణములు, పెద్ద మాంసకృత్తులు నిలిచిపోవును. ఉప్పు, చక్కెర, యూరియా అన్నియు దిగును. కాని మనము విసర్జించు మూత్రము సుమారు లీటరున్నరయే! తక్కినదానిని నాళికల గోడలు మరల రక్తమునకు చేర్చును.

1924లో అమెరికాలో వేర్న్, రిచర్డ్స్ అను శాస్త్రజ్ఞులు కప్ప మూత్రపిండములోని గుచ్ఛమునుండి సన్నని గాజుగొట్టముతో ద్రవమును తీసి పరీక్షించిరి. అందులో చక్కెర కలదు. మూత్రాశయములోని మూత్రములో లేదు. నడుమ దారిలో నాళిక దానిని తిరిగి తీసికొన్నదన్నమాట. పండుగకు ముందు సామానంతయు వాకిట పెట్టి, కావలసినది మరల ఇంటిలోనికి చేర్చు గృహిణి ఇందుకు తగిన పోలిక.

పోలిక సరిగా లేకున్న నష్టమేమందురా? జల్లెడ పూడినచో నీరు దిగదు. కనుక మూత్రము వచ్చుచున్నంతకాలము మూత్రపిండములు బాగున్నవని జనులు తలంతురు. అది పొరపాటు. నీటిని తిరిగి తీసికొను శక్తి తగ్గినప్పుడు రాత్రులు మూత్రము ఎక్కువగానే పోవచ్చును. సగము శక్తి నశించినను నొప్పి తెలియకపోవచ్చును. రక్తములో క్రియాటినిన్, మూత్రములో ఆల్బుమిన్ ఎంత యున్నవో పరీక్షించిననే సంగతి బయటపడును. మధుమేహము, రక్తపుపోటు గలవారు ఈ పరీక్షలను మరువరాదు.

మూత్రపిండము కేవలము జల్లెడయే యైనచో యంత్రము దాని పని నంతయు చేయగలుగవలెను. 1943లో నెదర్లాండ్సులో కోల్ఫ్ అను వైద్యుడు సెల్లోఫేను గొట్టముతో కృత్రిమ మూత్రపిండమును నిర్మించెను. అటుపిమ్మట వచ్చిన డయాలిసిస్ యంత్రములు యూరియాను, మితిమీరినచో గుండెనే ఆపగల పొటాసియమును తొలగించి ప్రాణము నిలుపుచున్నవి. అయినను రోగులను రక్తహీనత వదలలేదు. ఏలయన ఎఱ్ఱకణముల పుట్టుకకు వలయు ఎరిత్రోపోయిటిన్ అను హార్మోనును తయారుచేయునది మూత్రపిండమే. విటమిన్ డి ని ఎముకలకు పనికివచ్చు రూపమునకు మార్చునదియు అదియే. యంత్రము ఈ పనులు చేయజాలదు. ఆ హార్మోనును మందుగా వాడుటకు అమెరికాలో 1989లోగాని అనుమతి రాలేదు.

పాఠ్యపుస్తక రచయితలు జల్లెడను పారవేయనక్కరలేదు. దాని ప్రక్కన రెండు వాక్యములు చేర్చిన చాలును: మూత్రపిండము వడగట్టినదానిలో అధికభాగమును తిరిగి తీసికొనును; మూత్రము వచ్చుచున్నంత మాత్రమున అది ఆరోగ్యముగా నున్నదని చెప్పరాదు. ఈ రెండవ వాక్యమును బడిలో నేర్చిన పిల్లవాడు ఇంటికి పోయి తండ్రితో చెప్పిననాడు మన పాఠము సార్థకమగును.