డ్రమ్ములో గాలి మిగలకూడదు

ధనుర్వాతం సూక్ష్మజీవి మట్టిలో, పశువుల పేడలో సిద్ధబీజంగా ఏళ్ల తరబడి పడి ఉంటుంది. అది ఎంత మొండిదో 1889లో బెర్లిన్‌లో శాస్త్రవేత్త కితసాటో చూపించాడు. కలగలిసిన సూక్ష్మజీవులను 80 డిగ్రీల వేడిలో ఉంచితే తక్కినవి చచ్చి, ఇది మిగిలింది. కత్తెరలను ఊరికే మరగబెట్టి ఆపరేషన్‌కు దిగితే ఆ మొండితనమే రోగి ప్రాణం మీదికి వస్తుంది. కుట్టేసిన గాయం లోతున, ఆక్సిజన్ అందని చోట బీజం మొలకెత్తి విషం తయారుచేస్తుంది.

దీన్ని చంపే యంత్రం ఆటోక్లేవ్. దాన్ని 1879లో పారిస్‌లో శాస్త్రవేత్త షాంబర్లాన్ రూపొందించాడు. చదరపు అంగుళానికి 15 పౌన్ల పీడనంలో ఆవిరి 121 డిగ్రీలకు చేరుతుంది. చంపేది పీడనం కాదు, తడివేడి. చల్లటి గుడ్డను తాకగానే ఆవిరి నీరై, తనలోని గుప్తోష్ణాన్ని అక్కడే వదిలేస్తుంది. నీరైన చోట ఖాళీ ఏర్పడి వెనకున్న ఆవిరిని లోపలికి లాగుతుంది. అలా మడత మడతకూ వేడి పాకుతుంది.

అడ్డుపడేది గాలి. అది మిగిలితే పీడనం ముల్లు సరిగానే చూపిస్తుంది, వేడి మాత్రం చాలదు. అందుకే చిన్న ఆసుపత్రుల్లో కనిపించే స్టీలు డ్రమ్ముకు చుట్టూ రంధ్రాలు, వాటిని మూసే జారుడు పట్టీ ఉంటాయి. గాజుగుడ్డలు, గౌన్లు వదులుగా సర్ది, రంధ్రాలు తెరిచి, డ్రమ్మును ఆటోక్లేవ్‌లో పక్కకు పడుకోబెడతారు. గాలికన్నా తేలికైన ఆవిరి పై రంధ్రాల్లోంచి దూరి, గాలిని కింది రంధ్రాల గుండా తోసేస్తుంది. ఆ గాలి ఆటోక్లేవ్ అడుగున ఉన్న గొట్టంలోంచి బయటికి పోతుంది. నాకు బాగా ముచ్చటేసేది థర్మామీటరుకు ఎంచిన చోటు. దాన్ని ఆ గొట్టంలోనే పెట్టారు. అన్నిటికన్నా ఆలస్యంగా వేడెక్కేది అదే మరి. అక్కడ 121 చూపించాకే లెక్క మొదలు. గుడ్డలకు 30 నిమిషాలు.

తర్వాత ఆవిరి వదిలేసి, ఆరనిచ్చి, తీయగానే పట్టీ జరిపి రంధ్రాలు మూస్తారు. తడి గుడ్డ గుండా క్రిములు సులువుగా లోపలికి పాకుతాయి కనుక తడిసిన మూటను మళ్లీ మొదటినుంచి పెట్టాల్సిందే. ఓపికగా ఆరబెట్టే ఆ సిబ్బంది పని సర్జన్ పనికి ఏమాత్రం తక్కువది కాదు.

అయితే ఈ బీజాలు మనిషి పేగుల్లోనూ ఉండవచ్చు. అక్కడికి ఏ ఆవిరీ చేరదు, కాపాడేది టీకాయే. ఆపరేషన్ అనగానే చివరి ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో డాక్టరుకు చెప్పండి. గుర్తు లేకపోతే ఆ మాటే చెప్పండి.