డంగు సున్నంలో స్ఫటికాల పనితనం

సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట్ మెట్లబావి 17వ శతాబ్దం నాటిది. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయిన ఈ బావిని జీహెచ్‌ఎంసీ, ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ కలిసి బాగుచేయించాయి. 2022 డిసెంబరు 5న అది మళ్లీ జనానికి తెరుచుకుంది. వచ్చినవాళ్లు మెట్లు చూస్తారు, స్తంభాలు చూస్తారు, ఫొటోలు దిగుతారు. ఇలాంటి పాత రాతికట్టడాల్లో రాయికీ రాయికీ మధ్య ఉన్న అతుకును ఆగి చూసేవాళ్లు తక్కువ. సిమెంటు ఎరగని రోజుల్లో ఆ అతుకు పని డంగు సున్నానిది. చార్మినార్ నిలిచిందీ, కుతుబ్‌షాహీ సమాధుల మీద గచ్చు నగిషీలు తీరిందీ సున్నంతోనే. దాన్ని తయారుచేసే మేస్త్రీ రసాయనశాస్త్రం చదివి ఉండకపోవచ్చు. కానీ బట్టీ దగ్గర్నుంచి గోడ దాకా అతను చేసేదల్లా కంటికి ఆనని స్ఫటికాలను తనకు కావలసిన తీరులో పెంచడమే.

సున్నపురాయిని 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది. నికార్సైన రాయైతే వంద కిలోలకు 56 కిలోలే మిగులుతుంది. కాలిన రాయిని నీళ్లలో వేస్తే కుతకుత ఉడికి, విచ్చుకుని, వెన్నలాంటి ముద్ద అవుతుంది. ఆ ముద్ద నిండా కాల్షియం హైడ్రాక్సైడ్ స్ఫటికాలు. కొన్ని మిల్లీమీటరులో వెయ్యోవంతు, అంటే మైక్రాన్, స్థాయిలో ఉంటాయి, చాలావి అంతకన్నా చిన్నవి. ఇంత సన్నని రేణువులు నీటిలో పరుచుకుని ఉన్న మిశ్రమాన్నే కొల్లాయిడ్ అంటారు.

తొందరపడేవాడికీ పని తెలిసినవాడికీ తేడా ఇక్కడ తేలుతుంది. తెలిసినవాడు ముద్దను గోతిలో పోసి, పైన నీళ్లు నిలిపి, గాలి సోకకుండా నెలల తరబడి మాగబెడతాడు. మూడేళ్లు నిండని సున్నం వాడరాదని పాత కట్టడి ఉండేదని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. మాగితే ఏమవుతుంది? మామూలుగా ద్రవంలో ఉన్న స్ఫటికాల్లో చిన్నవి కరిగిపోతాయి, ఆ సరుకుతో పెద్దవి ఇంకా పెరుగుతాయి. సున్నం గోతిలో వ్యవహారం తిరగబడుతుంది. కార్లోస్ రోడ్రిగెజ్-నవారో, మరో ఇద్దరు పరిశోధకులు 1998లో దీన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూపించారు. కొత్తగా తడిపిన సున్నంలో ఆరు పక్కల పట్టకాలు ఎక్కువ. వాటి పైముఖం, కిందిముఖం నిలకడైనవి, పక్కముఖాలు సులువుగా కరుగుతాయి. నెలలు గడిచేకొద్దీ పట్టకాలు పక్కల నుంచి తరిగిపోయి, మైక్రాన్‌కు లోపు పలుచని పలకలు మిగులుతాయి. కరిగిన సరుకులోంచి కొత్తగా మరిన్ని చిన్న పలకలు పుడతాయి. పలకలు సన్నబడేకొద్దీ అవి పట్టి ఉంచే నీరు పెరుగుతుంది, ఒకదాని మీద ఒకటి జారే గుణం పెరుగుతుంది. మాగిన సున్నం తాపీ కింద సాగుతుందని మేస్త్రీ మెచ్చుకునేది ఈ పలకలనే.

ఆ తర్వాత ఇసుకతో కలిపి గానుగకు ఎత్తుతారు. ఎద్దులు తిప్పే రాతిచక్రం కింద ప్రతి ఇసుక రేణువుకూ సున్నం పూత పడుతుంది. కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు కలిపేదీ ఇప్పుడే. బెల్లంలోని చక్కెర సున్నాన్ని మామూలు నీటికన్నా ఎన్నో రెట్లు కరిగిస్తుంది. ఇలాంటి పదార్థాలు పెరిగే స్ఫటికాల ముఖాలకు అంటుకుని వాటి జోరుకు కళ్లెం వేయగలవు. చైనావాళ్లు జిగురుబియ్యం గంజి కలిపేవారు. అందులోని అమైలోపెక్టిన్ వల్ల స్ఫటికాలు చిన్నవిగా, ఒత్తుగా పడతాయని అక్కడి పరిశోధకులు తేల్చారు.

గోడకెక్కాక సున్నం మళ్లీ రాయి కావాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ రంధ్రాల్లోని తేమలో కరిగి సున్నంతో కలుస్తుంది. ముందు ఏ ఆకారమూ లేని కాల్షియం కార్బొనేట్ ఏర్పడి, చివరికి కాల్సైట్ స్ఫటికంగా స్థిరపడుతుంది. నిలకడ తక్కువ రూపం ముందు, ఎక్కువ రూపం తర్వాత వస్తుందని రసాయన శాస్త్రవేత్త ఓస్ట్‌వాల్డ్ 1897లో చెప్పిన సూత్రానికి ఇది మంచి ఉదాహరణ. ఈ పనికి తడి ఉండాలి, అయితే నీట మునగకూడదు. నీటిలో ఆ వాయువు గాలిలోకన్నా సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా పాకుతుంది. నీళ్లు నిలిచే చోట ఇటుక పొడి, అంటే సుర్కీ, కలపడంలోని తెలివి అది. ఇటుకలోని సిలికా సున్నంతో కలిసి గాలి అవసరం లేకుండానే గట్టిపడుతుంది.

సన్నని పగులు వస్తే వాననీరు కొంత సున్నాన్ని కరిగించి తెచ్చి అక్కడే కాల్సైట్‌గా దింపుతుంది. గట్టి సిమెంటు అతుకుకు ఈ గుణం తక్కువ. పైగా తేమను తన గుండా పోనివ్వదు. ఆ తేమ రాయిలోంచి బయటపడుతూ ఉప్పును లోపల పేరబెట్టి, రాయినే పొరలు పొరలుగా ఊడగొడుతుంది. అందుకే పాత బావులూ బురుజులూ బాగుచేయించేవాళ్లు రాయికీ కూలికీ కట్టే లెక్కలో సున్నం మాగడానికి పట్టే నెలలనూ కలుపుకోవాలి. పనితనంలో పెద్ద వాటా ఆ నెలలదే.