అద్దం మీది మెలికల ముగ్గు

పాత ఫాస్టాగ్‌ను కారు అద్దం మీంచి ఊడదీస్తే ఒక్క ముక్కగా రాదు. మొన్న మా కారుది తీసినప్పుడు సగం చేతికి వచ్చింది, సగం అద్దానికే ఉండిపోయింది. ఆ సగాన్నీ బ్లేడుతో లేపి, రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి, పైనున్న అచ్చు పొరను తడిపి గోటితో మెల్లగా ఒలిచాను. కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే పలచని ప్లాస్టిక్ మీద వెండిరంగు గీత ఒకటి మెలికలు తిరుగుతూ కనిపించింది. తలవెంట్రుకకన్నా పలచని అల్యూమినియం అది. మధ్యలో చిన్న ఉచ్చు. దానికి అటూ ఇటూ వంకరలు తిరిగిన రెండు చేతులు. చేతుల కొసన వెడల్పాటి రేకులు. ఉచ్చు అంచున గసగసాల గింజంత నల్లటి చుక్క.

మెలికల ముగ్గులో గీత ఊరికే తిరగదు, చుక్కను చుట్టడానికే తిరుగుతుంది. ఈ ముగ్గులో చుక్క ఒక్కటే, మెలికలన్నీ దానికోసమే. ఆ చుక్కే చిప్. గీతంతా యాంటెన్నా. రెండూ కలిస్తే ట్యాగ్. ఇందులో బ్యాటరీ లేదు, తనంతట తానుగా అలను పుట్టించే ట్రాన్స్‌మిటరూ లేదు. అయినా బండి కదులుతుండగానే తానెవరో చెబుతుంది. దీనిలోని పనితనమంతా పొదుపులో ఉంది: ఎదుటివాడు ఇచ్చిన దానిలోంచే తిండి, తాళం, చివరకు జవాబు చెప్పే గొంతు కూడా తీసుకుంటుంది.

2014లో మన దేశంలో మొదలై, 2021 ఫిబ్రవరిలో జాతీయ రహదారుల టోల్‌ప్లాజాల్లో తప్పనిసరి అయిన ఫాస్టాగ్ 865–867 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళేటప్పుడు చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజాలో తలెత్తి చూడండి. లేన్ మీద కిందికి వంచి బిగించిన చదునైన పెట్టె కనిపిస్తుంది. అది రీడర్ యాంటెన్నా. దాని వెనుకున్న రీడర్ పంపే శక్తి ఒక వాట్ స్థాయిలో ఉంటుంది, పాతకాలపు జీరో బల్బు తినే కరెంటుకన్నా తక్కువ. యాంటెన్నా దాన్ని లేన్ వైపే గురిపెట్టి పంపినా, ఐదు మీటర్ల దూరంలోని అద్దం దగ్గరికి వచ్చేసరికి ట్యాగ్ పట్టుకోగలిగేది, అన్నీ కలిసొస్తే, వాట్‌లో పదివేలో వంతు. మంచి చిప్‌కు వాట్‌లో లక్షో వంతు దొరికినా చాలు, నిద్ర లేస్తుంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న పదింతల తేడాయే మొత్తం ఏర్పాటుకు ఊపిరి. దుమ్ము, వాన, వంకరగా అంటించడం, కళాయి పొర ఉన్న అద్దం, అన్నీ అందులోంచే కోత కోస్తాయి.

ఆ కాస్త శక్తినీ జారవిడవకుండా పట్టడమే మెలికల పని. 866 మెగాహెర్ట్జ్ అల పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. తిన్నని తీగ ఆ అలకు చక్కగా ఊగాలంటే సగం పొడవు, అంటే సుమారు 17 సెంటీమీటర్లు ఉండాలి. అంత పొడవు చీటీ డ్రైవరు చూపుకు అడ్డం. అందుకని తీగను వంకరలు తిప్పి పది సెంటీమీటర్లలో సర్దారు. వంకర తిప్పితే కొంత పట్టు తగ్గుతుంది. దాన్ని పూడ్చడానికి కొసన వెడల్పాటి రేకులు పెట్టారు. విద్యుదావేశం పోగయ్యేది తీగ కొసల దగ్గరే కనుక, అక్కడ చోటు పెంచితే పొట్టి తీగ కూడా పొడుగు తీగలా ప్రవర్తిస్తుంది.

మధ్యలోని ఉచ్చు ఇంకా తెలివైనది. చిప్ లోపలి సర్క్యూట్ అలకు కెపాసిటర్‌లా తగులుతుంది. శక్తిని కాసేపు పట్టుకుని వెనక్కి నెట్టేయడం దాని గుణం. ఉచ్చు సరిగ్గా దానికి ఎదురు గుణం ఉన్న కాయిల్. రెండూ ఒకదాని మొండితనాన్ని ఒకటి కొట్టేసుకుంటే అల అడ్డు లేకుండా చిప్‌లోకి దిగుతుంది. ఉచ్చు వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు మారినా శ్రుతి కదిలిపోతుంది.

ఇంకో సంగతి నాకు చాలా నచ్చింది. ఈ తీగను గాలి కోసం శ్రుతి చేయలేదు, గాజు కోసం చేశారు. గాజు పక్కన ఉంటే తీగ తన అసలు పొడవుకన్నా ఎక్కువ పొడవున్నట్టు ప్రవర్తిస్తుంది. ఆ తేడాను ముందే లెక్కగట్టి పొట్టిగా కోశారు. అందుకే చేత్తో గాలిలో పట్టుకున్న ఫాస్టాగ్ కాస్త శ్రుతి తప్పి ఉంటుంది, అద్దానికి అంటించాకే కుదురుకుంటుంది. అదే ట్యాగ్‌ను బానెట్ ఇనుము మీద అంటిస్తే మూగబోతుంది. లోహంలో ఎదురు ప్రవాహం పుట్టి, తీగలోని ప్రవాహం చేసే పనిని చెరిపేస్తుంది.

ఇప్పుడు చుక్కలోకి వెళదాం. యాంటెన్నా పట్టింది సెకనుకు 86 కోట్ల సార్లకు పైగా ఊగే అల. చిప్‌కు కావలసింది ఊగని, నిలకడైన వోల్టేజి. పైగా దొరికిన వోల్టేజి చిప్ నడవడానికి చాలదు. పల్లపు కాలువ నీళ్ళను గూడ వేసి మెట్టు మెట్టుగా మెరక పొలానికి ఎక్కించడం చూసినవారికి ఇక్కడి పని వెంటనే అర్థమవుతుంది. అల ఒకవైపు ఊగినప్పుడు ఒక చిన్న కెపాసిటర్ నిండుతుంది. రెండోవైపు ఊగినప్పుడు ఆ నిండినదాని మీదికి ఇంకొంత చేరుతుంది. ఇలా వరసగా కొన్ని మెట్లు ఎక్కాక చిప్ మేలుకునేంత వోల్టేజి తయారవుతుంది.

రీడర్ ఆ అలతోనే ఆజ్ఞలూ పంపాలి. అలను ఆపి, వదిలి, సంకేతాలు చేయాలి. ఆపితే ట్యాగ్ ఆకలితో పడిపోతుంది. దీనికి కనిపెట్టిన ఉపాయం చూడండి: సున్నా అంటే కొద్దిసేపు అల, ఆ వెంటనే చిన్న కోత. ఒకటి అంటే దానికి ఒకటిన్నర నుంచి రెండింతల నిడివి, చివర అదే చిన్న కోత. ఏ అక్షరం పంపినా ఎక్కువ సేపు అల వెలుగుతూనే ఉంటుంది. కోత పడిన ఆ కాసేపూ చిప్ తనలో దాచుకున్నదానితో నెట్టుకొస్తుంది. కథ చెబుతూనే గోరుముద్దలు పెట్టే తల్లి లాంటి పద్ధతి ఇది. కథ ఎంత దూరం నడిచినా ముద్ద ఆగదు.

ట్యాగ్‌లో కచ్చితమైన గడియారం కూడా లేదు. క్వార్ట్జ్ స్ఫటికం పెట్టే చోటూ ఖర్చూ లేవు. అందుకే రీడర్ మాట మొదలుపెట్టే ముందు కొలత కోసం ఒక నిడివిని వాయించి చూపిస్తుంది. ట్యాగ్ దాన్ని తన ముతక గడియారంతో కొలుచుకుని, అదే తాళంలో జవాబిస్తుంది.

ఆ జవాబు ఎలా పుడుతుంది? చిన్నప్పుడు అద్దం ముక్కతో ఎండను పట్టి ఎదురింటి గోడ మీద ఆడించని వారుండరు. వెలుగు మనది కాదు, సూర్యుడిది. మన చేతిలో ఉన్నది వంచడం, తిప్పడం మాత్రమే. ట్యాగ్ చేసేదీ అదే. చిప్‌లోని ఒక ట్రాన్సిస్టర్ స్విచ్‌లా తెరుచుకుని మూసుకుంటూ ఉంటే యాంటెన్నా ఒక క్షణం అలను మింగుతుంది, మరుక్షణం ఎక్కువగా తిప్పికొడుతుంది. ఆ హెచ్చుతగ్గులే అక్షరాలు. ఇంజనీర్లు దీన్ని బ్యాక్‌స్కాటర్ అంటారు.

ఈ ఆలోచనకు వయసుంది. 1945లో సోవియట్ పిల్లలు మాస్కోలోని అమెరికా రాయబారికి చెక్కతో చేసిన అమెరికా అధికార చిహ్నాన్ని కానుకగా ఇచ్చారు. లోపల లియోన్ థెరెమిన్ తయారుచేసిన శ్రవణ యంత్రం ఉంది. అందులో బ్యాటరీ లేదు. బయటినుంచి రేడియో అల పంపితే, గదిలోని మాటలకు కదిలే పలచని పొర ఆ అల తిరిగివెళ్ళే తీరును మార్చేది. 1952లో గానీ అది బయటపడలేదు. 1948లో హ్యారీ స్టాక్‌మన్ తిప్పికొట్టిన శక్తితో సమాచారం పంపడం గురించి శాస్త్రీయ పత్రం రాశాడు. ఆ పత్రంలోని ఊహ రోడ్డు మీదికి రావడానికి గసగసాల గింజంత చిప్ పుట్టవలసి వచ్చింది.

ట్యాగ్‌ను మెచ్చుకుని రీడర్‌ను మరిచిపోతే అన్యాయం. తిరిగివచ్చే జవాబు పంపిన దానిలో కోటో వంతు కూడా ఉండదు. దూరం రెట్టింపైతే ట్యాగ్‌కు చేరే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది, రీడర్‌కు తిరిగి చేరే జవాబు పదహారో వంతుకు పడిపోతుంది. పైగా ట్యాగ్‌కు తిండి ఆగకూడదు కనుక, రీడర్ గొంతెత్తి పాడుతూనే ఆ గుసగుసను వినాలి. తంబుర శ్రుతి ఆగకుండా మోగుతున్నా కచేరీలో గమకం మన చెవికి విడిగా తెలుస్తుంది. శ్రుతి కదలదు, గమకం కదులుతుంది. రీడర్ వినికిడి కూడా అంతే. తన స్థిరమైన అలను పక్కకు నెట్టి, అందులో వణికే భాగాన్నే పట్టుకుంటుంది. ట్యాగ్ ఏ వాలులో ఉంటుందో ముందు తెలియదు కనుక యాంటెన్నా అలను మర చుట్టినట్టు తిప్పుతూ పంపుతుంది. దానివల్ల ట్యాగ్‌కు అందేది సగానికి తగ్గినా, నిలువుగా ఉన్నా అడ్డంగా ఉన్నా అందుతుంది.

రీడర్ పిలిచినప్పుడు ఎదురుగా పది ట్యాగ్‌లుంటే? అన్నీ ఒకేసారి జవాబిస్తే ఏదీ వినపడదు. ఇక్కడి మర్యాద ముచ్చటగా ఉంటుంది. రీడర్ ‘పదహారు వంతులు ఉన్నాయి’ అంటుంది. ప్రతి ట్యాగ్ తనలో తాను ఒక చీటీ తీసుకుంటుంది. రీడర్ ‘తర్వాత’ అన్న ప్రతిసారీ చీటీ మీది అంకె ఒకటి తగ్గుతుంది. సున్నా వచ్చిన ట్యాగ్ నోరు విప్పుతుంది. అప్పుడు కూడా పేరు చెప్పదు, 65,536 అంకెల్లోంచి అప్పటికప్పుడు ఎంచుకున్న ఒక అంకె చెబుతుంది. రీడర్ ఆ అంకెను తప్పులేకుండా తిరిగి పలికితేనే అసలు గుర్తింపు బయటపెడుతుంది. ఇద్దరి మాటలు ఢీకొన్నా పోయేది చిన్న అంకె మాత్రమే. పేరు చెప్పాక ‘నా వంతు అయింది’ అని గుర్తు పెట్టుకుని ఊరుకుంటుంది. ఈ గుర్తుల్లో కొన్ని శక్తి పూర్తిగా ఆగిపోయినా కనీసం రెండు సెకన్లు నిలుస్తాయి. బ్యాటరీ లేని వస్తువుకు ఆ మాత్రం జ్ఞాపకం ఉండటం చిన్న విషయం కాదు. ఇదంతా ముగిసేసరికి నెమ్మదిగా వచ్చే బండి జానెడు కూడా కదలదు.

చిప్ జ్ఞాపకంలో నాలుగు గదులు. ఒకదానిలో తాళాల అంకెలు. ఒకదానిలో బ్యాంకు రాసిన గుర్తింపు సంఖ్య. ఒకదానిలో చిప్ తయారైనప్పుడే పడిన, ఎవరూ మార్చలేని పుట్టు సంఖ్య. చివరిది వాడుకునేవారి కోసం. 96 బిట్ల గుర్తింపు సంఖ్య అంటే 29 అంకెల దాకా వెళ్ళే లెక్క. డబ్బు మాత్రం ఏ గదిలోనూ లేదు. అది ఖాతాలోనే ఉంటుంది. ట్యాగ్ చెప్పేది ‘నేను ఫలానా’ అని మాత్రమే.

బ్యాటరీ లేకుండా ఎదుటివాడి శక్తితోనే నడిచే ఈ కుటుంబంలో ఇంకో పనితనం హైదరాబాద్ మెట్రో కార్డులో ఉంది. అక్కడ 13.56 మెగాహెర్ట్జ్ అల. దాని పొడవు 22 మీటర్లు, కార్డులో పట్టే యాంటెన్నా దానికి అసాధ్యం. అందుకే అక్కడ అలను పట్టరు. కార్డు అంచు చుట్టూ కొన్ని చుట్ల తీగ పెట్టి, గేటులోని చుట్ల అయస్కాంత క్షేత్రాన్ని పంచుకుంటారు, ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్లలాగా. ఆ క్షేత్రం దూరంతో ఎంతో వేగంగా తగ్గిపోతుంది. అది లోపం కాదు, కోరి తెచ్చుకున్న గుణం. కార్డు ఆనించినవారికే గేటు తెరుచుకోవాలి కదా.

మా పాత ట్యాగ్ ఎందుకు మొరాయించిందో ఇప్పుడు తెలిసింది. పోయిన సంక్రాంతికి ఊరు వెళుతుంటే ఒక టోల్‌గేటు దగ్గర అడ్డుకర్ర లేవలేదు. వెనుక బండ్ల హారన్లు. సిబ్బందిలో ఒకరు చేతి రీడర్ తెచ్చి అద్దం దగ్గర పెడితే వెంటనే చదివింది. అప్పుడది వింతగా అనిపించింది. భూతద్దం పెట్టి చూస్తే, అంటించిన రోజు పడిన మడత ఒకటి ఉచ్చు మీదుగా సన్నగా పోయింది. చిప్ చచ్చిపోలేదు. ఐదు మీటర్ల దూరంలో దానికి అందవలసిన పిడికెడు తిండి ఆ మడత దగ్గర ఒలికిపోతోంది. దగ్గరికి వచ్చి పెడితే తిన్నది. ఇక ఇప్పుడు చిరిగిన చోటు ప్రమాదవశాత్తూ చిరిగింది కాదు. ఒక బండి ట్యాగ్‌ను ఇంకో బండికి మార్చకుండా, పీకితే తీగ తెగేలా పొరలో ముందే గాట్లు పెట్టారు. ఎలా పనిచేయాలో ఆలోచించినవారే, ఎప్పుడు పనిచేయకూడదో కూడా ఆలోచించారు.

మన భాషలో గాజు పలకా అద్దమే, ముఖం చూసుకునేదీ అద్దమే. ఇంతకాలం బండి అద్దం మీద ఇంకో చిన్న అద్దం అంటించుకుని తిరిగామన్నమాట. ముక్కలను డబ్బాలో పెట్టేముందు ఒకదాన్ని అటూ ఇటూ తిప్పాను. కిటికీలోంచి పడుతున్న పొద్దుటి ఎండ అల్యూమినియం మీద పడి, ఎదురుగోడ మీద చిన్న వెలుగు మచ్చ ఆడింది.