రేడియేటర్‌లో నీళ్లు పోసే ఊరి నుంచి

హైదరాబాద్–వరంగల్ రోడ్డు మీద రఘునాథపల్లి దగ్గర మే నెలలో బోనెట్ ఎత్తి ఆగిన బండి కనిపిస్తే ఎందుకాగిందని ఎవరూ అడగరు. పక్క హోటల్లోంచి ఎవరో ఒకరు బిందెతో నీళ్లు పట్టుకొస్తారు. "ఇంజన్ జెర సల్లబడనియ్యి తమ్మీ, గిప్పుడే మూత తియ్యకు" అని ఒక పెద్దాయన హెచ్చరిస్తాడు. బండి గురించి నాకు అబ్బిన మొదటి పాఠాలు ఆ రోడ్డు పక్కవే. మా ఊళ్లో బండికి శత్రువు ఎండ.

ఇప్పుడు నేనుండేది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని మిన్నియాపొలిస్‌లో. 2019 జనవరి 30న ఇక్కడ ఉష్ణోగ్రత మైనస్ 33 డిగ్రీలకు దిగింది. ఏటా ఆగస్టులో వరంగల్, జనగామ, ఖమ్మం వైపు పిల్లలు చదువులకు వస్తారు. నలుగురు కలిసి ఓ పాత టయోటానో హోండానో కొంటారు. స్వెటర్లు, బూట్ల గురించి వాళ్లకు చెప్పేవాళ్లు చాలామంది. బండికి కూడా చలికాలపు ఏర్పాట్లు కావాలని చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఏటా అక్టోబర్‌లో, ఇంకా ఎండ కాస్తుండగానే, ఈ మాటలు వాళ్ల చెవిన వేస్తుంటాను.

మొదటిది రేడియేటర్. అందులో ఉత్త నీళ్లు పోసే అలవాటును విమానం ఎక్కకముందే వదిలెయ్యాలి. నీరు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు ఇంజన్ బ్లాక్ సైతం పగులుతుంది. కూలెంట్, నీళ్లు సగం సగం కలిపితే ఆ ద్రవం సుమారు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. విచిత్రమేమిటంటే, కూలెంట్‌లోని అసలు సరుకైన ఇథిలీన్ గ్లైకాల్ నీళ్లు కలపకపోతే మైనస్ 13 దగ్గరే గట్టిపడుతుంది. ఎంత చిక్కగా పోస్తే అంత మంచిదనుకుంటే దెబ్బ తింటాం. ఇంకో సంగతి, ఈ మిశ్రమం మరగాలంటే నూరు డిగ్రీలు దాటాలి. అంటే ఇక్కడ బండిని గడ్డకట్టకుండా కాపాడే ద్రవమే రఘునాథపల్లి ఎండలో మరగకుండానూ కాపాడుతుంది. మా ఊరి డ్రైవర్లకు నేను ఈ మాట పదే పదే చెప్తాను.

బ్యాటరీ సంగతీ ఇలాంటిదే. సున్నా డిగ్రీల దగ్గర దాని బలం మూడో వంతు తగ్గుతుంది, మైనస్ 18 దగ్గర సగానికి పైగా పోతుంది. అదే సమయంలో ఆయిల్ చిక్కబడి, ఇంజన్‌ను తిప్పడానికి మామూలుకన్నా ఎక్కువ కరెంటు కావాలి. బ్యాటరీ మీద సీసీఏ అని ఒక అంకె ఉంటుంది. మైనస్ 18 చలిలో అది ముప్పై సెకన్లపాటు ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే కొలత అది. కొనేటప్పుడు ధరకన్నా ముందు ఆ అంకె చూడాలి. బ్యాటరీని లోపల్లోపల తినేసేది మాత్రం వేడే. జనవరిలో సెల్ఫ్ అందుకోని బ్యాటరీకి చాలాసార్లు జులైలోనే దెబ్బ తగిలి ఉంటుంది. మూడు నాలుగేళ్లు దాటిందంటే చలికి ముందే పరీక్ష చేయించాలి. పూర్తిగా డౌనైన బ్యాటరీలో ఆసిడ్ పలచబడి కొద్దిపాటి చలికే గడ్డకడుతుంది. గడ్డకట్టినదానికి జంపర్ కేబుళ్లు తగిలించొద్దు, పేలిపోయే ప్రమాదముంది.

ఆయిల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మన దగ్గర బైకుల్లో పోసే 20డబ్ల్యూ-40 లాంటిది ఇక్కడి చలికి పనికిరాదు. కంపెనీ పుస్తకంలో 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే పోయించాలి.

ఇక్కడికి ఉత్తరాన, నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఇంజనీరు ఉండేవాడు. సిలిండర్ హెడ్ బోల్టుల్లో ఒకటి తీసి, దాని చోట కరెంటుతో వేడెక్కే బోల్టు బిగించే హీటర్‌కు 1949లో పేటెంటు పొందాడు. చలిలో ఇంజన్‌ను వెచ్చగా ఉంచే ఇప్పటి బ్లాక్ హీటర్లకు పూర్వీకుల్లో అదొకటి. కెనడాలోని విన్నిపెగ్‌లో పార్కింగ్ స్థలాల్లో వరసగా ప్లగ్ పాయింట్లుంటాయి. రాత్రి బండిని ప్లగ్గుకు తగిలించి పడుకోవడం అక్కడ మామూలు విషయం. చలికి వణికిన మనిషి తన ఊరికోసం ఆలోచించి చేసిన పనంటే నాకు చాలా గౌరవం.

అన్నిటికన్నా ముందు డబ్బు పెట్టాల్సింది టైర్ల మీద. ఏడు డిగ్రీల కిందికి దిగాక మామూలు టైరు రబ్బరు బిగుసుకుని రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. చలికాలపు టైరు రబ్బరు వేరు, అది మెత్తగానే ఉంటుంది. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు గుర్తున్న టైర్లు చూసి కొనాలి. "మాది ఆల్ వీల్ డ్రైవ్ అన్నా, ఏం గాదు" అంటారు పిల్లలు. నాలుగు చక్రాలూ తిరిగితే బండి కదలడం తేలికవుతుంది, నిజమే. ఆపాల్సి వచ్చినప్పుడు, మలుపు తిరిగేటప్పుడు నాలుగు టైర్ల రబ్బరే దిక్కు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రం 2008లో శీతకాలపు టైర్లను తప్పనిసరి చేసింది. ఇప్పుడక్కడ డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా ఆ నియమం ఉంది. మిన్నెసోటాలో అలాంటి చట్టం లేదు. ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఊళ్లోంచి ఫోన్ చేసే అమ్మానాన్నలు "తిన్నవా బిడ్డా" అని అడిగాక, "టైర్లు మార్చినవా" అని కూడా అడగాలి. గాలి కూడా చూసుకోవాలి. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు పడిపోయినప్పుడల్లా టైరులో ఒక పాయింటు గాలి తగ్గుతుంది.

అద్దం మీద మంచు పేరుకుంటే వేడినీళ్లు పోయొద్దు, అద్దం పగులుతుంది. గీకే పార కొనుక్కోవాలి. వైపర్ నీళ్ల డబ్బాలో గడ్డకట్టని ద్రవం పోయాలి. పెట్రోలు ట్యాంకు సగానికి తగ్గనివ్వొద్దు. డిక్కీలో దుప్పటి, చిన్న పార, టార్చి, జారేచోట టైర్ల కింద చల్లడానికి ఇసుక, తినడానికి ఏదైనా ఉండాలి.

మంచు తుఫానులో బండి ఇరుక్కుపోతే దిగి నడవొద్దు, లోపలే ఉండాలి. హీటర్ కోసం ఇంజన్ వేసే ముందు ఒక్కసారి దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసెయ్యాలి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ బండిలోకి వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంజన్‌ను గంటకు పది నిమిషాలు మాత్రమే నడిపి, ఒక అద్దం వేలెడంత దించి ఉంచాలి. మంచు కురుస్తూనే ఉంటే, ఇంజన్ వేసే ప్రతిసారీ దిగి ఆ గొట్టాన్ని మళ్లీ చూసుకోవాలి.